గొట్టం చుట్టూ వేలెడు సందు

సాయంత్రం నాలుగవుతోందంటే మేస్త్రి చేతులు వాటంతట అవే జేబులు తడుముకునేవి.

వంటగది వెనక బట్టలుతుక్కునే చోట, గోడలో నిలువునా ఒక పైపుల అర ఉంది. దాని చెక్కతలుపు తీస్తే లోపల కింది అంతస్తు నుంచి పైకి పోయే లావుపాటి ఇనపగొట్టం, వెనక గోడకి అరచెయ్యంత జాలీ. మేస్త్రి ఆ తలుపు బార్లా తీసి, ముందు పీట వేసుకుని సిగరెట్టు వెలిగించేవాడు. రోజుకి ఒకటే. డాక్టరు ఒక్కటి కూడా వద్దన్నాడు, మేస్త్రి నాలుగన్నాడు, భార్య మధ్యలో పడి బేరం ఒకటికి తెగ్గొట్టింది.

పొగ ఆయన మొహం ముందు కాసేపు తచ్చాడేది. ఎటు పోవాలో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి, మెల్లగా తల తిప్పి, అలవాటైన ఇంటికి వచ్చిన చుట్టంలా తిన్నగా అరలోకి నడిచిపోయేది. సరిగ్గా ఆ వేళకే ఎక్కడి నుంచో, జాలీలోంచి కాబోలు, పాట వినిపించేది. పై అంతస్తులో పాటల టీచరమ్మ పిల్లల చేత స్వరాలు పలికించేది. ఆవిడ గొంతు ముందు, పిల్లల గొంతులు వెనక, తల్లికోడి వెంట పిల్లల్లా వచ్చేవి.

పక్కన ఇంకో పీట మీద భార్య కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టుకునేది. మాటలుండేవి కావు. పగలంతా ఆవిడ గదిలో ఆవిడ, ఈయన పనిముట్ల దగ్గర ఈయన. ఇద్దరూ పక్కపక్కన కూర్చునేది ఆ కాసేపే. మేస్త్రి కళ్లు మూసుకుంటే తనూ పొగలో కలిసి తేలిపోతున్నట్టుండేది. ఈ బిల్డింగు కట్టినప్పుడు పైపుల పని మొత్తం ఆయనదే. ఏ వంపు ఎక్కడుందో, ఏ జాయింటు ఏ గోడ వెనక నిద్రపోతోందో చేతికి తెలుసు. ఆ దారులన్నిట్లోనూ నీళ్లతో పాటు దిగి, ఆవిరితో పాటు ఎక్కి, అందరి ఇళ్ల గోడల్లోనూ తిరిగొచ్చేవాడు. కళ్లు తెరిచేసరికి సిగరెట్టు వేళ్ల దాకా వచ్చేది.

అలాంటి మనిషి ఒకరోజు మెట్ల దగ్గర నోటీసు చదివి నిలువునా కాలిపోయాడు. ‘ఇకపై ఎవరి ఫ్లాట్లలో వారు కూడా పొగ తాగరాదు. ఆదివారం మీటింగు.’

ఆదివారం పొద్దున్నే కార్లు నిలిపే చోట కుర్చీలు వేశారు. సెక్రటరీ రిటైరైన పోస్టుమాస్టరు. కాగితం చేతిలో ఉంటే చాలు, ఆయన గొంతుకి స్టాంపు వేసినంత బరువొస్తుంది.

"ఎవరిల్లు వాళ్లది సార్," అన్నాడు కింది ఫ్లాటు లారీ డ్రైవరు. "రేపు మా ఇంట్లో పాలు పొంగి మాడినా నోటీసు అంటిస్తారా?"

"పాలు మాడితే నా గొంతు పోదు కదా అన్నయ్యా," అంది టీచరమ్మ. చీరకొంగు మెడచుట్టూ తిప్పుకుని కూర్చుంది. మాట కాస్త బొంగురుగా ఉంది. "నేను ఈ ఇంట్లో అద్దెకి దిగి ఏడాదైంది. రోజూ నాలుగింటికి నా గదిలోకి పొగ వస్తోంది. పై స్వరం అందుకోబోతే గొంతు చీరుకుపోతోంది. నాకు గొంతే అన్నం. ఇలాగే ఉంటే ఇల్లు ఖాళీ చేసి పోవడమే."

అందరి చూపులూ మేస్త్రి మీదికి తిరిగాయి. నాలుగింటి సిగరెట్టు సంగతి బిల్డింగుకంతటికీ తెలుసు.

"నా పొగ మీ ఇంటికెందుకొస్తుందమ్మా?" అన్నాడు మేస్త్రి. "మధ్యలో స్లాబుంది. పొగంతా జాలీలోంచి బయటికి పోతుంది. కావాలంటే మా ఇంటికొచ్చి వాసన చూడండి, పూలకొట్టులా ఉంటుంది."

"ఉంటుంది, నిజమే," అంది వెనక నుంచి భార్య. "పొగెటు పోతోందో నాకూ ఎప్పుడూ అర్థం కాలేదు."

నలుగురూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. "రూలు పెడితే ఈ మోకాళ్లతో నలభై రెండు మెట్లు దిగాలి నేను. నా ఇంట్లో నా పీట మీద కూర్చునే హక్కు కూడా లేదా?"

"కాల్చుకోవద్దని నేనట్లేదు మేస్త్రి గారూ," అంది టీచరమ్మ. "మీ పొగ మీ ఇంట్లో ఉంచుకోండి. అంతే నాకు కావాల్సింది."

చేతులెత్తించారు. పన్నెండు ఫ్లాట్లు, ఆరుకి ఆరు. పోస్టుమాస్టరు రెండుసార్లు లెక్కపెట్టి, కాగితం కుర్చీ మీద పెట్టేశాడు.

మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. "రేపు పొగపెట్టి చూపిస్తా. నా స్లాబులోంచి చీమ కూడా దూరదు. దూరిందని తేలితే ఆ రూలుకి మొదటి చెయ్యి నేనే ఎత్తుతా. సరేనా?"

పొగపెట్టి చూడ్డం ఆయన పనిలో పాత పద్ధతే. గొట్టం ఎక్కడ గాలి వదులుతోందో కంటికి కనపడదు. కింద చిన్న పొగపెట్టి పైన కనిపెట్టుకు కూర్చుంటే, పొగ వెళ్లి సందు చూపిస్తుంది. నలభై ఏళ్లలో ఎన్ని ఇళ్లలో పెట్టాడో లెక్కలేదు. సొంత ఇంట్లో మాత్రం ఎన్నడూ పెట్టి చూసుకోలేదు. తన చేతిపనిని తనే అనుమానించడమేమిటని కాబోలు.

సోమవారం పొద్దున వెలిగించిన సిగరెట్టు భార్యకి అప్పగించాడు. ఆవిడ దాన్ని పాముని పట్టినట్టు పట్టకారుతో పట్టుకుని అర ముందు నిలబడింది.

"ఊదకే, ఊరికే పట్టుకో."

"ఊదడానికి నేనేమన్నా మీరా? తొందరగా పొండి, బూడిద రాలుతోంది."

మేస్త్రి పైకెళ్లాడు. టీచరమ్మ ఇంట్లో కూడా అదే చోట అలాంటి అరే, దాని ముందు పిల్లలు కూర్చునే చాప. మోకాళ్లు పట్టుకుని కిందికి వంగి తలుపు తీశాడు. లోపల చల్లని చీకటి. గొట్టం స్లాబులోకి దిగే చోట పిసరంత పగులు కూడా ఉండదని ఆయన ధీమా.

కాసేపు ఏమీ లేదు. తర్వాత గొట్టం చుట్టూ నీలంగా ఏదో కదిలింది. సన్నటి నూలుపోగులా లేచి, ఇటూ అటూ చూసి, గొట్టాన్ని ఒక చుట్టు చుట్టి, నిదానంగా ఆయన మొహందాకా వచ్చింది. తన సిగరెట్టు వాసనే. తలుపు కొడితే తనే వచ్చి తీసినట్టు ఉలిక్కిపడ్డాడు మేస్త్రి.

ఆ పొగలో ఇరవై ఏళ్ల కిందటి సాయంత్రం ఒకటి తేలుతూ వచ్చింది. గోడలింకా పూతలేని ఇటుకలు. ఆకాశం నల్లబడి, వాన ఇప్పుడా ఇంకాసేపటికా అన్నట్టుంది. చివరి గొట్టం నిలబెట్టాడు. చుట్టూ వేలెడు సందు మిగిలింది, తట్టలో సిమెంటు మాత్రం అయిపోయింది. మళ్లీ కలపడానికి బద్ధకం. కాలి దగ్గరున్న ఖాళీ సిమెంటు సంచి ఉండచుట్టి సందులో కూరాడు. తట్టకంటిన సిమెంటు గీకి పైన సన్నగా మెత్తాడు. రేపొచ్చి గట్టిగా పూద్దాంలే అనుకున్నాడు. మర్నాడు వేరే గోడ, వేరే గొట్టం. సంచి ఎప్పుడు చివికి రాలిపోయిందో గానీ, ఈ ఇల్లు ఏళ్లతరబడి తాళంపెట్టి ఉండటంతో అడిగినవాళ్లు లేరు. ఆ రేపు మాత్రం ఇక్కడే, ఈ చీకట్లో, తాపీ పట్టుకుని వస్తాడని ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

వేలు పెట్టి చూశాడు. కణుపుదాకా దూరింది.

"టీచరమ్మా, తప్పు నాదే," అన్నాడు లేవకుండానే. "పొగది కాదు, పనిది. ఇవాళే మూసేస్తా."

మధ్యాహ్నంలోగా సిమెంటు కలిపి, సందు నిండా కూరి, వేలితో నునుపు చేశాడు. టీచరమ్మ వెళ్లి ఫిర్యాదు కాగితం వెనక్కి తీసుకుంది. పోస్టుమాస్టరు మెట్ల దగ్గర నోటీసు పీకేశాడు.

"చెయ్యెత్తుతానన్నా కదా సార్," అన్నాడు మేస్త్రి.

"పొగ ఆగిపోయాక చెయ్యెందుకయ్యా, దించుకో," అన్నాడు పోస్టుమాస్టరు.

లారీ డ్రైవరు ఎదురొచ్చి భుజం చరిచాడు. "గెలిచావు బాబాయ్! ఇక మహారాజులా కాల్చుకో."

మంగళవారం నాలుగింటికి మహారాజు పీట వేసుకున్నాడు. అర తలుపు తీశాడు. వెలిగించాడు. పొగ మొహం ముందు తచ్చాడి, మామూలుగానే తల తిప్పి అరలోకి వెళ్లింది. వెళ్లి, గొట్టం వెంట పైదాకా ఎక్కి, కొత్త సిమెంటుకి తల తగిలి నిలబడిపోయింది. జాలీ దాన్ని బయటికి తీసుకుపోలేదు. జాలీలోంచి గాలి లోపలికే కొడుతోంది. ఇన్నేళ్లూ లోపలికే కొట్టిందన్నమాట. పొగ వచ్చినదారినే వెనక్కి తిరిగి, తలుపు మూసిన ఇంటి ముందు నుంచి వచ్చేవాడిలా తలవంచుకుని, వంటగదిలోకి నడిచింది. దండెం మీద ఆరుతున్న ఆవిడ చీరని తడిమింది. గుండీల డబ్బా మీద కూర్చుంది.

ఇంకోటి కూడా జరిగింది. పాట లేదు. నాలుగుంబావు దాటినా లేదు. పైన పిల్లల అడుగుల చప్పుడు మాత్రం దూదిలోంచి వచ్చినట్టు మెత్తగా ఉంది. జాలీలోంచి వస్తోందనుకున్న పాట అన్నాళ్లూ ఆ వేలెడు సందులోంచే దిగేదని అప్పుడు తెలిసింది ఆయనకి.

భార్య ఒకసారి దగ్గింది. సూది చొక్కాకి గుచ్చి, పీట చంకన పెట్టుకుని లేచింది.

"ఎక్కడికే?"

"పైకి. పాట దగ్గరికి."

"పీటెందుకు?"

"కూర్చోవద్దూ? ఇన్నాళ్లూ పాట ఇక్కడికొచ్చేది, పొగ అక్కడికి పోయేది. ఇప్పుడు పొగ మనింట్లోనే ఉంటుందట కదా. ఉండనీండి. నేనే అక్కడికెళ్తా."

కోపంగా అనలేదు. కోపమైతే మేస్త్రికి సమాధానం తెలుసు. చెప్పుల చప్పుడు మెట్లెక్కి పోయింది. పక్కన పీట ఉన్నచోట నేల నలుచదరంగా, తడి ఆరినట్టు తేటగా కనిపించింది. పొగ వచ్చి ఆ నలుచదరంలో కూర్చుంది. మేస్త్రి, పొగ, ఇద్దరే ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు.

బుధవారమూ అంతే. గురువారం ఆయన కిటికీలన్నీ తెరిచిపెట్టాడు, విసనకర్రతో విసిరాడు, పొగని బతిమాలాడు, తిట్టాడు. అది ఇల్లంతా తిరిగి ఆవిడ తలగడ మీద వాలింది. రాత్రి ఆవిడ ఏమీ అనకుండా తలగడ గలీబు మార్చుకుంది. అంతకన్నా ఒక మాట అన్నా బాగుండేదనిపించింది.

శుక్రవారం నాలుగింటికి ఆవిడ లేవకముందే మేస్త్రి లేచాడు. తన పీట తనే చంకన పెట్టుకున్నాడు.

"మీరెక్కడికి?" అంది ఈసారి ఆవిడ.

"కిందికి."

నలభై రెండు మెట్లు. గోడపట్టుకుని, మెట్టుకొకసారి మోకాళ్లని పేరుపెట్టి పిలుస్తూ దిగాడు. నీళ్ల మోటారు గది పక్కన నీడలో పీట వేసుకుని వెలిగించాడు. ఇక్కడ పొగకి తొందరలేదు. పైకి లేచి, ఒక అంతస్తు, రెండంతస్తులు, విడిపోతూ, పలచబడుతూ, టీచరమ్మ కిటికీ దాకా చేరకముందే వెలుతురులో కరిగిపోయింది. దాని వెంట చూస్తూ తనూ కాసేపు పలచబడ్డాడు.

అటుగా వచ్చిన పోస్టుమాస్టరు ఆగిపోయాడు. "ఇదేంటి మేస్త్రీ! రూలు రాలేదుగా. హాయిగా ఇంట్లోనే కాల్చుకోవచ్చుగా?"

"అసోసియేషన్లో రాలేదు సార్. మా ఇంట్లో ఓట్లు పడ్డాయి."

"ఎన్ని?"

"ఒకటికి ఒకటి. సమానమైతే ఆవిడ మాటే."

పోస్టుమాస్టరు నవ్వి వెళ్లిపోయాడు. మేస్త్రి సిగరెట్టు చివరిదాకా కాల్చలేదు. సగంలోనే నలిపేసి, పీట ఎత్తుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. మొదటి అంతస్తు మలుపులో పాట లీలగా తగిలింది. మెట్టు మెట్టుకీ ఒక్కో స్వరం దగ్గరవుతోంది. బొంగురు లేదు. టీచరమ్మ గొంతు పై స్వరాన్ని ముట్టుకుని, తొణక్కుండా, అక్కడే కాసేపు నిలబడింది.

ఇంట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాడు, సబ్బుతో రెండుసార్లు. నోరు పుక్కిలించాడు. పైపుల అర తలుపు మూయబోతూ, ఎందుకో అరచెయ్యి గొట్టం మీద ఆనించాడు. చెవికేమీ వినపడలేదు. చేతికి మాత్రం తెలిసింది. ఇనుము సన్నగా, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు వణుకుతోంది. పై స్వరం అందుకున్నప్పుడల్లా ఇంకాస్త.

అలా ఎంతసేపున్నాడో. చేతి తడి గొట్టం మీద ఆరిపోయింది.

తర్వాత తలుపు మూసి, పీట చంకన పెట్టుకుని పై మెట్లెక్కాడు. టీచరమ్మ గుమ్మం తెరిచే ఉంది. పిల్లల వెనక, గోడవార, భార్య గుండీ కుడుతూ కూర్చుంది. తలెత్తకుండానే ఒకసారి గాలి పీల్చి చూసింది. ఇంకో పీట పట్టేలా తన పీట కొంచెం పక్కకి జరుపుకుంది.