నడిమి స్వరాలకు దారి

మా అత్తగారు రేడియోల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్లు పనిచేశారు. వరసగా వచ్చే బోర్డుల మీద, శబ్దం తీరు మార్చే టోన్ నాబ్ పక్కన, మూడు భాగాలు పెట్టి సోల్డరింగ్ చేయడం ఆవిడ పని. రోజుకు నాలుగు వందల బోర్డులు. పెళ్లయి ఈ ఇంటికొచ్చిన మూడేళ్లకు గాని ఈ సంగతి నాకు తెలియలేదు. ఆవిడ చెప్పుకునే రకం కాదు, నేను అడిగే రకం కాదు. మా మధ్య పోట్లాటలూ లేవు, కబుర్లూ లేవు. "భోంచేశారా అత్తయ్యా?" "అయిందమ్మా." అంతటితో సరి.

నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. ఆదివారాలు మాత్రం ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గిటార్ వాయిస్తాను. ఒకావిడది డ్రమ్స్, ఇంకొకావిడది బేస్ గిటార్. గిటార్ శబ్దాన్ని చీల్చి గర్జనలా మార్చే డిస్టార్షన్ పెడల్‌ను సొంతంగా చేసుకోవాలని నాకు బుద్ధి పుట్టింది. భాగాలు తెప్పించుకుని, భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి కూర్చున్నాను.

మూడో రోజు సాయంత్రం అత్తగారు నా వెనక నిలబడి, వంగి చూశారు.

"ఏంటమ్మాయ్ ఇది? సోల్డరింగ్ చేశావా, ముక్కు చీదావా?"

నాకు నవ్వూ వచ్చింది, రోషమూ వచ్చింది. ఏదో అనేలోగా ఆవిడ కుర్చీ లాక్కుని, నా చేతిలోంచి వేడి కడ్డీ తీసుకున్నారు. "ముందు తీగని కాల్చు. సీసం దానంతటదే పరిగెత్తుకొస్తుంది. తొందరపెట్టావా, మొరాయిస్తుంది" అంటూ నేను వేసిన ముద్దలన్నీ కరిగించి మళ్లీ వేశారు. అరగంటలో బోర్డు మీద చుక్కలన్నీ తళతళలాడాయి. ఫ్యాక్టరీ సంగతి బయటపడింది అప్పుడే.

పెడల్ పలికింది. ఇంట్లో వాయిస్తే కిటికీ అద్దాలు అదిరాయి. తీరా ఆదివారం డ్రమ్స్, బేస్ తోడయ్యేసరికి నా గిటార్ ఎటు పోయిందో తెలియలేదు. టోన్ నాబ్ ఒక చివరికి తిప్పితే మొద్దు శబ్దం, రెండో చివరికి తిప్పితే చెవులు కోసే కీచు. మధ్యలో పెడితే అసలు గిటారే మాయం.

"నువ్వు వాయిస్తున్నావా, నటిస్తున్నావా?" అంది డ్రమ్స్ ఆవిడ.

ఇంటికొచ్చి ముఖం వేలాడేసుకుని బల్ల ముందు కూలబడ్డాను. అత్తగారు ఎదురుగా కూర్చుని, నాబ్ దగ్గరున్న గోరంత ఎర్ర బిళ్ళను చూపించారు.

"ఇలాంటివే నేను పెట్టేదాన్ని. ఇదేం చేస్తుందమ్మాయ్?"

"మీకు తెలీదా అత్తయ్యా?"

"ఎవరు చెప్పారు గనక? ఎక్కడ పెట్టాలో చెప్పారు. ఎందుకని ఒకసారి అడిగాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు సూపర్‌వైజర్. మళ్లీ అడగలేదు."

నా మనసు చివుక్కుమంది. నా ఏడుపు పక్కన పెట్టి, కాగితం తీసి గీస్తూ చెప్పాను.

"దీన్ని కెపాసిటర్ అంటారు. గొంతుల్లో సన్నవీ లావువీ ఉన్నట్టే గిటార్ శబ్దంలోనూ ఉంటాయి. ఇది సన్నవాటిని సులువుగా పోనిస్తుంది, లావువాటిని ఆపుతుంది. ఈ పై దారిలో వాకిట్లో కాపలా మనిషిలా కూర్చుంది కదా, అందుకని సన్నవే దాటతాయి."

"మరి కింద దారిలోది పక్కకి తిరిగి ఉందే?"

"అది సన్నవాటిని పక్కకి లాగి, అక్కర్లేనివి పారబోసే గ్రౌండ్ తీగలోకి వదిలేస్తుంది. ఇక ఆ దారిలో మిగిలేవి లావువే. నాబ్ ఇటు తిప్పితే ఈ దారి, అటు తిప్పితే ఆ దారి."

ఆవిడ బొమ్మలోని రెండు దారుల మీదా వేలు నడిపారు. "సన్నవి ఇటు పోయాయి. లావువి అటు పోయాయి. మరి నడిమివి ఎటు పోవాలమ్మాయ్?"

నేను కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నాను.

"మీ ఇద్దరి నడుమా ఉన్నవాడి గతి నన్నడగండి, చెబుతాను" అన్నాడు పక్క గదిలోంచి మా ఆయన.

"నువ్వూరుకో!" అన్నాం ఇద్దరం ఒక్కసారే.

లోపం అక్కడే ఉంది. గిటార్ ప్రాణమంతా నడిమి స్వరాల్లోనే ఉంటుంది. రెండు దారులకూ మధ్య అంత ఎడం ఉండేసరికి అవి ఎటూ పట్టక జారిపోతున్నాయి. పై దారిలోని కెపాసిటర్ నాలుగు నానోఫారడ్లది, అంటే చాలా చిన్నది. అంతకన్నా పెద్దది పెడితే ఇంకాస్త కింది స్వరాలను కూడా రానిస్తుంది. భాగాల పొట్లంలో వెతికితే పది నానోఫారడ్లది దొరికింది.

"మీరే పెట్టండి అత్తయ్యా" అన్నాను. పెట్టారు. అరవై ఏడేళ్ల చేతి కింద చుక్క ఒక్కసారికే తళతళలాడింది.

మరుసటి ఆదివారం ఆవిడను కూడా తీసుకెళ్లాను. మేము వాయించుకునేది డ్రమ్స్ ఆవిడ వాళ్ల కారు షెడ్డులో. "చెవుల్లో దూది పెట్టుకోండి ఆంటీ, గోల భరించలేరు" అందామె.

"నేను పెట్టింది నేను వినొద్దూ?" అన్నారు అత్తగారు.

ముగ్గురం ఒక్కసారిగా ఎత్తుకున్నాం. నా గిటార్ డ్రమ్స్‌కూ బేస్‌కూ మధ్యలోంచి నిండుగా, స్పష్టంగా పైకి లేచింది. డ్రమ్స్ ఆవిడ వాయిస్తూనే కనుబొమలు ఎగరేసింది. పాట ఆగాక అత్తగారు లేచి వచ్చి, కింద కూర్చుని, నన్ను వాయించమని నాబ్‌ను తానే ఈ చివరికీ ఆ చివరికీ నెమ్మదిగా తిప్పి చూసుకున్నారు. తర్వాత నా చేయి పట్టుకున్నారు.

"ఎందుకో నువ్వు చెప్పావు. చల్లగా ఉండు తల్లీ."

ఆవిడ వేళ్ల కొనల మీద చిన్న చిన్న కాలిన మచ్చలున్నాయి. మూడేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. "మీరు అడక్కపోతే నాకు ఈ జన్మకి తట్టేది కాదు అత్తయ్యా" అన్నాను.

పది రోజులకు అత్తగారు ఒక స్నేహితురాలిని ఇంటికి పిలిచారు. ఫ్యాక్టరీలో పక్క కుర్చీలో కూర్చున్నావిడ. ఆమెకూ ఎవరూ ఏమీ చెప్పలేదట. అత్తగారు నేను గీసిన కాగితం బల్ల మీద పరిచి, పెడల్ తెరిచి, పై దారి, కింద దారి వేలితో చూపిస్తూ మొదలుపెట్టారు. నేను గిటార్ పట్టుకుని పక్కన కూర్చున్నాను. ఆవిడ "ఇప్పుడు మీటు" అన్నప్పుడల్లా తీగ మీటాను.