గుమ్మం దాటని తమ్ముడు

టెలేసియా ఎంత మనిషో చెప్పడానికి తూకాలు చాలవు. సిడ్నీకి పడమటగా టోంగా దీవుల వాళ్ళుండే పేటలో ఆమె బస్సెక్కితే, డ్రైవరు వెనక్కి తిరగకుండానే "రండి టెలేసియా" అనేవాడట, బండి ఎంత ఒరిగిందో చూసి. చిన్నతనంలో దీవుల మధ్య పడవలో పోతుండగా తుఫాను పట్టుకుంటే, సరుకంతా నీళ్ళలోకి విసిరేసి ఆ పిల్లను మాత్రం పడవ మధ్యలో కూర్చోబెట్టారని, పడవ తిరగబడకుండా ఒడ్డు చేరింది ఆ పుణ్యానేనని ముసలివాళ్ళు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. ఇందులో సగం గొప్పలని తీసి పారేయండి. మిగిలిన సగమే మామూలు తలుపులో పట్టదు.

వాళ్ళలో ఒళ్ళంటే పరువు. ఆడపడుచు బక్కగా ఉంటే తమ్ముళ్ళు సరిగా పెట్టడం లేదని నలుగురూ నవ్వుతారు. అలాంటి ఇంటి ఆడపడుచు అరవై ఎనిమిదో ఏట పొట్ట కోయించుకుంటానని ఆసుపత్రికి పోయిందంటే, కారణం అందం కాదు, ఆయాసమూ కాదు. చచ్చిపోయిన తమ్ముడు.

డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని తిండి సంగతి అడుగుతోంది. టెలేసియా పక్కన మరదలు వికా, ఆ చచ్చిపోయిన తమ్ముడి పెళ్ళాం, ఇంకా నల్లబట్టల్లోనే ఉంది.

"ఆదివారం మధ్యాహ్నం ఎంత తింటారు?"

"రెండు పళ్ళేలు."

"రెండూ మీకేనా?"

"ఒకటి మా తమ్ముడిది."

"ఆయన మీతో ఉంటారా?"

"లేదమ్మా. వరండా దాకా వస్తాడు. లోపలికి రాడు."

"మరి ఆయన పళ్ళెం మీరెందుకు తింటారు?"

"వాడు ముట్టడు. పోయి ఏడాది కావస్తోంది."

డాక్టరమ్మ చేతిలో కలం ఆగింది. వికా ముందుకు వంగింది. "రాసుకోండి డాక్టరమ్మా. పేరు పెనిసిమని. రోగాలేం లేవు, కొంచెం దగ్గు."

"నోరు ముయ్యవే" అంది టెలేసియా.

డాక్టరమ్మ నవ్వలేదు. మోకాళ్ళు మార్చాలంటే ముందు బరువు దిగాలని, బరువు దిగాలంటే పొట్ట కోసి అరటికాయంత గొట్టం చేసి కుట్టాలని చెప్పింది. ఈ వయసులో బల్ల మీదే ప్రాణం పోవచ్చు. చేయించుకోకపోతే ఈ గుండె ఇంత ఒంటిని ఎన్నాళ్ళు మోస్తుందో తను చెప్పలేనంది. ఆలోచించుకోమంది. సరేననుకుంటే ముందు రెండు వారాలు పాలపొడి కలిపిన నీళ్ళే తిండి, కాలేయం చిక్కాలి కాబట్టి.

"ఒక్క మాట చెప్పండి. ఇదంతా మీకెందుకు కావాలి?"

"నేల మీద కూర్చోవాలి."

"అంతేనా?"

"అంతే" అంది టెలేసియా. అంతకన్నా పెద్ద పని లోకంలో ఉందని ఆమె అనుకోలేదు.

పెనిసిమని నిరుడు పోయాడు. కోళ్ళ ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేసొచ్చి, బూట్లు విప్పుకుంటూ పోయాడు. గరాజు ఖాళీ చేసి, గోడలకు నల్లగుడ్డ కట్టి, నేలంతా చాపలు పరిచి, తెరిచిన పెట్టెను వాటి మీద దించారు. వాళ్ళ ఆచారంలో చావింట తలాపున చోటు ఆడపడుచుది. తెల్లారి మట్టిలోకి తీసుకెళ్ళేదాకా ఆమె అక్కడ, ఆ చాప మీద, కదలకుండా కూర్చోవాలి. పెళ్ళామైనా సరే ఆ చోట కూర్చోకూడదు.

టెలేసియా మోకాళ్ళు వంగవు. ఎవరో తెల్ల ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తలాపున వేశారు. పాట మొదలైంది. రెండో చరణంలో కుర్చీ వెనక కాళ్ళు రెండూ, నాకెందుకొచ్చిన గొడవ అన్నట్టు, చెరో వైపుకీ పోయాయి. ఆమె పక్కకు ఒరిగి పెట్టె అంచుకు చెంప ఆనించి పడింది. చుట్టూ అన్నదమ్ముల కొడుకులు, ఒక్కొక్కడూ దున్నపోతులాంటి రగ్బీ ఆటగాడు, చేతులు కట్టుకుని నిలబడ్డారు. మేనత్తను మేనల్లుళ్ళు తాకకూడదు. వంటపాకలోంచి ఆడవాళ్ళు వచ్చేదాకా ఆమె అలాగే, తమ్ముడి మొహానికి మొహం పెట్టి, పడి ఉంది. ఊహ తెలిశాక వాడి మొహాన్ని అంత దగ్గరగా చూడటం అదే. రెప్పల మీద పౌడరు కనిపించింది. చివరికి ఆమె పడ్డ చాపనే నలుగురు ఆడవాళ్ళు పట్టుకుని, పడవను ఇసకలోకి లాగినట్టు బయటికి లాగారు. ఆ రాత్రంతా తలాపున ఎవరూ లేరు.

తర్వాతి ఆదివారమే వచ్చాడు.

బతికున్నప్పుడూ ఆదివారమే వచ్చేవాడు. చర్చి అయ్యాక పెరట్లో రాళ్ళపొయ్యి తవ్వి, మొదటి వంట అక్క వాటాగా తీసి, వరండాలో పెట్టి, ఒకసారి దగ్గి వెళ్ళిపోయేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. ఎదిగిన అక్క ఉన్న గదిలో తమ్ముడు అడుగు పెట్టడు, ఎదురుగా మాట్లాడడు. ఏం కావాలన్నా మధ్యలో ఒక మనిషి ఉండాలి. "ఉప్పు తక్కువైందేమో అక్కనడుగు" అని వాడు వికాతో అంటే, గోడకు ఇవతల వింటూనే ఉన్న టెలేసియా "బాగుందని చెప్పవే" అనేది. యాభై ఏళ్ళకు పైగా ఇద్దరి ముచ్చట్లూ అలాగే నడిచాయి.

ఇప్పుడూ అదే వేళ, అదే దగ్గు. తలుపు తీస్తే ఎవరూ ఉండరు. మెట్టు చెక్క మాత్రం ఊగి ఆగుతున్నట్టుంటుంది. వంట ఇప్పుడు వికా తెస్తోంది. టెలేసియా అందులో సగం తీసి వాడి పళ్ళెం వరండాలో పెడుతుంది. సాయంత్రానికి లోపలికి తెచ్చి, తిండి పారేయకూడదు కదా అని తనే తింటుంది. వాడు ఎందుకొస్తున్నాడో ఆమెకు అనుమానం లేదు. తలాపున ఒంటరిగా వదిలేశావని అడగడానికి వస్తున్నాడు. నోరు తెరిచి అడిగే ఆచారం లేక దగ్గి ఊరుకుంటున్నాడు. ఇంకొకరు పోయేలోగా, లేదా కనీసం ఎప్పుడో ఒకనాడు వాడి సమాధి దగ్గర చాప వేసుకుని, నేల మీద కూర్చోగలిగితే వాడు శాంతిస్తాడు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు వ్యానులో వికా మొదలుపెట్టింది.

"వదినా, అరటికాయంత పొట్ట పెట్టుకుని మీరు మేనత్తేమిటి? పెళ్ళిలో కాల్చిన పంది తెచ్చి మీ ముందు పెడితే దాంతో కబుర్లు చెబుతారా?"

"చెబుతాను. నీకన్నా బుద్ధిగా వింటుంది."

"ఆ బల్ల మీద పోతే?"

"పోతే ఏముంది? ఈసారి నేను పడుకునే ఉంటాను, కుర్చీ అక్కర్లేదు."

వికా నవ్వబోయి మానేసింది. "నాకు పెద్దదిక్కు మీరొక్కరే మిగిలారు వదినా" అంది, కిటికీ వైపు తిరిగి.

పాలపొడి తిండి మొదలైంది. ఆ నీళ్ళ రుచి గురించి టెలేసియా చెప్పిన మాటలు రాస్తే పాదిరిగారు నొచ్చుకుంటారు. మొదటి ఆదివారం వికా కొబ్బరిపాలు పోసి చేమాకుల్లో చుట్టి కాల్చిన మాంసం, పెండలం దుంపలు తెచ్చి, వదిన మొహం చూడలేక పెట్టేసి పరుగెత్తింది. టెలేసియా మొత్తం పళ్ళెంలో పెట్టి వరండాలో ఉంచింది. దగ్గు వినిపించింది. సాయంత్రం ఆమె పళ్ళెం తేలేదు.

తెల్లవారి చూస్తే చీమలు పట్టి ఉంది. ఒక్క దుంప కూడా కదల్లేదు.

తెలియని సంగతేం కాదు. అయినా పళ్ళెం చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. ఏడాదిగా వాడి వాటా అంతా ఎక్కడికి పోయినట్టు? తన చేతుల్లోకి, తొడల్లోకి, గడ్డం కింది మడతల్లోకి. వారం వారం తమ్ముడిని ముద్ద ముద్దగా తన ఒంటి మీదే పెట్టుకుని మోస్తోంది. మోకాళ్ళు వాడి బరువుకే అరుస్తున్నాయి. రేపు ఈ ఒళ్ళు కరిగిపోతే కరిగేది ఎవరు? ఆ రోజు చేతి కండను పట్టుకుని చాలాసేపు చూసింది. చల్లగా ఉంది. వాడి చెంప చల్లదనం అలాగే ఉండింది.

రెండో ఆదివారం వచ్చింది. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి. వస్తానో రానో సాయంత్రంలోగా ఫోను చేయాలి. వికా వంట పెట్టి వెళ్ళబోతుంటే బయట దగ్గు వినిపించింది. వికా గిన్నె మూత పట్టుకుని ఆగిపోయింది.

"విన్నావా?" అంది టెలేసియా.

"పక్కింటాయన."

"పక్కింటాయన నిన్ననే ఊరెళ్ళాడు. వికా, వాడిని అడుగు."

"ఏమని?"

"కోత పెట్టించుకోనా వద్దా అని. నేను ఎదురుగా అడగకూడదు కదా."

వికా పకపకా నవ్వింది. "బాగుంది వదినా. బతికున్నన్నాళ్ళూ మీ ఇద్దరి మధ్యా తపాలా బంట్రోతు పని చేశాను. చచ్చాకా తప్పదా?" అని తిరిగి చూసి, వదిన మొహంలో నవ్వు లేకపోవడంతో తన నవ్వు మింగింది. చావింటి ఆనవాలుగా నడుముకు కట్టుకున్న చాప సర్దుకుని గుమ్మంలోకి వెళ్ళింది. ఖాళీ వరండా వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఏమండీ, మీ అక్కయ్య అడుగుతోంది. పొట్ట కోస్తారట. చేయించుకోమంటారా?"

వీధిలో ఎవరో గడ్డి కోసే యంత్రం ఆపారు. వికా వీపు మాత్రమే టెలేసియాకు కనిపిస్తోంది. ఎంతసేపటికీ తిరగలేదు.

"ఏమన్నాడే?"

"కోత అక్కర్లేదంటున్నారు."

"ఇంకా?"

"తన పక్కన చోటు ఉంచారట. మీ ఒళ్ళు చూసే ఉంచారట, వెడల్పుగా. ఉన్న మనిషి ఉన్నట్టే రమ్మంటున్నారు."

టెలేసియా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "ఎప్పుడు?"

వికా తిరిగింది. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"ఎప్పుడో అడగవే."

"నేనడగను."

"ఇదంతా నువ్వు కల్పించావు కదూ?"

"మొదటి మాట నాదే వదినా, ఒప్పుకుంటాను. కోత మానుకుంటారని అన్నాను. ఆ చోటు మాట నేను అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది." చేత్తో పెదవులు తుడుచుకుంది, ఏదో అంటుకున్నట్టు.

ఇన్నాళ్ళూ అలిగాడనుకుంది. వాడికి అలక లేదు. ఎప్పట్లాగే అక్కకు మొదటి వాటా తెచ్చాడు, అంతే. ఇప్పుడు వాడి దగ్గర ఉన్నది మట్టిలో చోటు. అదే తెచ్చి, గుమ్మం బయట పెట్టి, మర్యాదగా దగ్గి నిలబడ్డాడు.

అబద్ధమెందుకు, ఆ పిలుపు ఆమెకు తియ్యగానే ఉంది. కుర్చీలు వెతుక్కోనక్కర్లేదు. మోకాళ్ళు వంచక్కర్లేదు. వెడల్పుగా, చల్లగా, తమ్ముడి పక్కన. కళ్ళు మూసుకుంది. ఒంట్లో పేరుకున్న వాడి వాటా అంతా వాడి వైపే ఒరుగుతున్నట్టయింది. కూర్చున్న కుర్చీ కిందే నేల మెత్తబడుతున్నట్టయింది.

అప్పుడు ఆమె కడుపు అరిచింది. రెండు వారాల పాలనీళ్ళ కడుపు. అదేం మామూలు అరుపు కాదు, వంతెన మీద రైలు పోయినట్టు మోగింది. వికా ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేసింది. గిన్నెలోంచి చేమాకుల వాసన వస్తోంది. టెలేసియా కళ్ళు తెరిచింది. నోట్లో నీళ్ళూరుతున్నాయి. ఒక్క చెంచాడైనా సరే, వచ్చే నెల, ఆపై నెల, ఇంకా తినాలనిపించింది. ఇంత ఆశ తనలో ఉందని ఆమెకే తెలియదు. తెలిసి సిగ్గేసింది కూడా.

"వికా, వాడికి చెప్పు. ఆ చోటు పూడ్చెయ్యమను."

"అమ్మో! పోయిన మనిషికి ఎదురు చెప్పమంటారా?"

"నేను వాడి అక్కని. నా మాట వాడు ఏనాడూ కాదనలేదు. చెప్పు."

వికా గుమ్మంలోకి వెళ్ళింది గాని ఈసారి తల ఎత్తలేదు. "పూడ్చెయ్యమంటోందండీ మీ అక్కయ్య" అంది, ఏడుస్తూ. "నా మీద కోపం పెట్టుకోకండి."

టెలేసియా పళ్ళెంలో ఏమీ వడ్డించలేదు. గిన్నె వికాకే ఇచ్చి పంపేసి, ఆసుపత్రికి ఫోను చేసి వస్తున్నానని చెప్పింది. ఆ పూట వరండాలో పళ్ళెం లేకపోవడం ఇల్లంతా తెలుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే వికా కొడుకు మాకా వ్యాను తెచ్చి మెట్ల ముందు ఆపాడు. మేనత్త చెయ్యి పట్టుకోకూడదు కాబట్టి, ఆమె కర్ర రెండో కొస పట్టుకుని ముందు నడిచాడు. గుమ్మం దగ్గర కర్ర బిగిసింది. వెనక్కి చూస్తే అత్త లోపలే ఆగిపోయి ఉంది.

"ఏంటత్తా? నొప్పా?"

"కాదు."

"భయమా?"

"ఉంది. ఆగరా కాసేపు."

"ఎవరి కోసం?"

ఆమె ఖాళీ వరండా వైపు చూస్తోంది. అక్క బయటికి వస్తుంటే తమ్ముడు దారిలో నిలబడడు, పక్కకు తప్పుకుంటాడు. వాడికి ఆ పాటి మర్యాద తెలుసు. తొందరపెట్టకూడదు. మాకా కర్ర కొస పట్టుకుని ఏమీ అర్థం కాక నిలబడ్డాడు. ఎండ వరండా చివరిదాకా పాకింది. మెట్టు చెక్క మెల్లగా, ఎవరో పెద్ద మనిషి దిగుతున్నట్టు, కిర్రుమంది.

అది పూర్తిగా ఆగేదాకా ఉండి, టెలేసియా కాలు బయటపెట్టింది.