సద్దు చేయని కవరు

పరుపు కవరు మూల దగ్గర గుడ్డను రెండు వేళ్ల మందాన మడిచి, ఏకాంబరం మిషను సూదిని దించాడు. మూల కుట్టడం అందరికీ రాదు. వదులుగా కుడితే పరుపు మీద కవరు ముడతలు పడుతుంది, మరీ గుంజి కుడితే నెల తిరగకముందే కుట్టు వీడుతుంది. అతను గుడ్డను ఎడమ అరచేత్తో నొక్కి పట్టి, కుడిచేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ పాదం వేగం తగ్గించాడు. సూది మూల తిరిగి అవతలి అంచు మీదికి వచ్చింది. దారం కొరికి, కవరును తిరగేసి, కుట్టును లోపలికి తోశాడు. కుట్టు బయటికి ఉంటే పడుకున్నవాళ్ల పక్కటెముకలకు ఒరుసుకుంటుంది.

అరవై రెండేళ్ల మనిషి. సన్నటి మెడ, ముందుకు వంగిన భుజాలు, కుడి బొటనవేలి గోరు మీద ఎప్పుడో సూది దిగిన నల్లటి చుక్క. నగరిలో పవర్‌లూమ్ మగ్గాల మోత మధ్య పద్దెనిమిదేళ్లు నిలబడినందుకు ఎడమ చెవికి వినికిడి సగం పోయింది. ఆ మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి పోయిన ఏడు తిరుపతికి వచ్చి, ఈ పరుపుల అంగడిలో మేడమెట్ల కింద మిషను ముందు కూర్చున్నాడు. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా ఊళ్లో లాడ్జీల పరుపులకూ ఇళ్లల్లో పరుపులకూ కవర్లు కుడుతున్నాడు.

పొద్దున్నుంచి అతను మంచినీళ్లు తాగలేదు. పగటిపూట తాగడం మానేసి నాలుగు నెలలవుతోంది. మూత్రం దారిలో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. గడ్డతోపాటు పట్టు కూడా పోయింది. పగలు గొంతు తడుపుకోకుండా, పంచె లోపల తువ్వాలు మడిచి పెట్టుకుని ఎలాగో నెట్టుకొస్తాడు. నిద్రలో మాత్రం వశం తప్పుతుంది.

ఈ ఉదయం ఎవరూ లేవకముందే తడిసిన దుప్పటి తీసుకుని పెరటి కొళాయి దగ్గర కూర్చున్నాడు. తిరిగి చూసేసరికి కోడలు పల్లవి గడపలో నిలబడి ఉంది. జుట్టు ముడి వేసుకుంటూ చాలా నెమ్మదిగా మాట్లాడింది.

"మామా, హాల్లో మీరు పండుకునే దివాన్ పరుపు కొత్తది. సోఫా లేదని వచ్చినోళ్లంతా దానిమీదే కూసుంటారు. నిన్న మా అక్క కూసోని లేసి, చీర వాసన చూసుకునింది. మీరు పని చేసేది పరుపుల అంగట్లోనే గదా? ఈ పొద్దు కవరు తెచ్చుకోండి. తేకపోతే వరండాలో పక్క వేస్తా."

లోపల కొడుకు నరేంద్ర అద్దం ముందు లాడ్జీ యూనిఫాం గుండీలు పెట్టుకుంటున్నాడు. అన్నీ వినిపించే దూరమే. అతను దువ్వెన తీసుకున్నాడు.

ఏ కవరు తీసుకోవాలో ఏకాంబరానికి ఆలోచించాల్సిన అవసరం లేదు. ఆ సంగతి భార్య ప్రసూనాంబ దగ్గర ఎప్పుడో నేర్చుకున్నాడు. ఆమెకు పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో ఉంది. మొదట్లో పరుపు మీద మందపాటి ప్లాస్టిక్ వేశాడు. ఆమె రాత్రంతా కదలకుండా ఒకే పక్కకు బిగుసుకుని పడుకునేది. ఎందుకని అడిగితే, వంకర పోయిన నోటితో, "సద్దు చేస్తాది. నేను కదిలితే అందరికీ తెలిసిపోతాది," అంది. అలా కదలకుండా పడుకునే ఆమెకు నడుము కింద పుండ్లు పడ్డాయి. అతను అంగడిలో మిగిలిన ముక్కలు తెచ్చి ఒకదాని తర్వాత ఒకటి కుట్టి చూశాడు. చివరికి పైన తువ్వాలు గుడ్డ, అడుగున పలచటి రబ్బరు పూత ఉన్న రకం కుదిరింది. ఆ కవరు మీద ఆమె పదకొండు రోజులే పడుకుంది.

పదకొండు గంటలప్పుడు ఒకామె అంగడిలోకి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. గంజి పెట్టిన నూలు చీర, చేతిలో కారు తాళం. బిల్లు రాసే ధరణి పేరడిగితే రాజశ్రీ అని చెప్పింది.

"పరుపు తడవకుండా కవరు కావాల. చిన్న పాపకు."

"కొలతలు మేడం?"

"ఆరడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు."

ధరణి తల వంచుకుని నవ్వు ఆపుకుంది. ఐరాల నుంచి వచ్చి ఏడాదిగా ఈ అంగడిలో చేస్తున్న పిల్ల ఆమె. ఏకాంబరం నవ్వలేదు. ఇన్నేళ్లలో మా అమ్మకనో, మా నాయనకనో, నాకేననో చెప్పి ఈ కవరు అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. అందరూ చిన్నపిల్లలకే కొంటారు. అతను ఎవరినీ మారు ప్రశ్న వేయడు.

మూడు రకాలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ప్లాస్టిక్ కవరును పిడికిట్లో పట్టి ఆమె చెవి దగ్గర నలిపాడు. ఎండుటాకులు తొక్కినట్టు చప్పుడయింది.

"వినండమ్మా. పక్కమీద కదిలినప్పుడల్లా ఇట్లా సద్దు చేస్తాది. పాపకు నిద్ర పట్టదు."

రెండోది రెక్సిన్. "ఇది తుడిస్తే సరిపోతాది గానీ, మన ఎండలకు వీపు ఉడికిపోతాది."

మూడోదాన్ని నలిపాడు. ఏమీ వినిపించలేదు.

"తడి పైన నిలవదు, కిందికి దిగదు. పక్క గదిలో ఉండేవాళ్లకే గాదు, పక్కన పండుకున్నోళ్లకు గూడా తెలీదు. పాపకు సిగ్గుండదు."

ఆమె ఆ చివరి మాటకు అతని ముఖంలోకి చూసింది. కళ్లు కొద్దిగా చెమర్చాయి. వెంటనే తేరుకుని, "అదే కుట్టండి. నాలుగింటికి వస్తా," అని వెళ్లిపోయింది.

యజమాని సురేంద్ర భోజనానికి ఇంటికి వెళ్లాక అంగడి సద్దుమణిగింది. ఏకాంబరం ఆమె కవరు మొదలుపెట్టి, మూడు దాటేలోపు పూర్తి చేసి, మడిచి బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత రోలు చివర మిగిలిన గుడ్డ తీసుకున్నాడు. చివరి ముక్కలు కుట్టేవాడికే వదిలేయడం ఆ అంగడిలో మొదటినుంచీ ఉన్న పద్ధతి. దివాన్ కొలత అతనికి కంఠతా వచ్చు. రెండున్నర అడుగుల వెడల్పు గీత గీసి, కత్తిరించి, సూది కింద పెట్టాడు. ఊళ్లో సగం ఇళ్లకు కుట్టినవాడు తనకోసం కుట్టుకోవడం ఇదే మొదటిసారి. అంచుల మడతకు గుడ్డ చాలక మూలల్లో చిన్న ముక్కలు అతికాడు. అతుకు కూడా ఒంటికి తగలకుండా లోపలికి మడిచాడు.

నాలుగు కావస్తుండగా సురేంద్ర పళ్లు కుట్టుకుంటూ తిరిగి వచ్చాడు. ముప్పై అయిదేళ్లవాడు. తండ్రి పోయాక అంగడి చేతికొచ్చింది. చెడ్డవాడని ఎవరూ అనరు. తోచనప్పుడు మనుషులను కదిలించి నవ్వుకుంటాడు, అంతే. అప్పటికి లాడ్జీ తాలూకు ఇద్దరు దిండ్లు చూస్తున్నారు. రాజశ్రీ కూడా వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"ఏందప్పా ఏకాంబరం, బిల్లులో లేని కొలత కుడతాండావు?"

"రోలు చివరి ముక్క సార్. ఇంటికి."

"ఇంట్లో ఎవరికి?"

ఏకాంబరం మిషను ఆపాడు. నోట్లో తడి లేదు. "చిన్నపిల్లకు సార్," అన్నాడు.

"చిన్నపిల్లా? మీ ఇంట్లో చిన్నపిల్ల యాడుండాది? నరేంద్రకు పిల్లల్లేరు గదా?" సురేంద్ర లాడ్జీ వాళ్లవైపు కన్ను గీటాడు. ఫోను తీసి బల్ల మీద పెట్టి, మాట అందరికీ వినిపించేలా నొక్కాడు. "అడుగుదాం ఉండు. పిల్ల పుడితే నాకు మిఠాయి పెట్టకుండా ఉండాడేమో."

"సార్, వద్దు సార్," అని ఏకాంబరం స్టూలు మీంచి లేవబోయి, లేస్తే ఏమవుతుందోనని మళ్లీ కూర్చున్నాడు.

నరేంద్ర గొంతు వినిపించింది. వెనక లాడ్జీలో యాత్రికుల గోల. "చెప్పండి సార్."

"మీ ఇంట్లో చిన్నపిల్ల ఎవరబ్బా? మీ నాయన పరుపు కవరు కుడతాండాడు."

"చిన్నపిల్లా?" నరేంద్ర నవ్వాడు. పైవాళ్లతో మాట్లాడేటప్పుడు నవ్వే నవ్వు. "మా నాయనకే సార్ అది. ఆపరేషన్ అయినప్పట్నించి రోజూ పక్క తడుపుతాండాడు. ఇల్లంతా వాసన. మావాళ్లు ఒకటే గొడవ. ఈ పొద్దు కవరు తెస్తేనే లోపలికి రానిస్తామన్నారు."

లాడ్జీ వాళ్లలో ఒకడు పెద్దగా నవ్వాడు. ధరణి చేత్తో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు కొద్దిగా జారింది.

"అయ్యో, ఈ మాట నాకు ముందే చెప్పుంటే నేనే ఇచ్చుందును గదప్పా," అన్నాడు సురేంద్ర. ఆ మాట నిజంగానే అన్నాడు. అంతలోనే ఏదో తట్టి స్టూలు వంక చూశాడు. దానిమీద స్పాంజి మెత్త ఉంది. "ధరణీ, ఆ మెత్తకు ఒక పాలిథీన్ కవరు తొడుగు. పరుపులు అమ్మే చోటు, వచ్చేవాళ్లు ఏమనుకుంటారు?"

ధరణి కవరు తీసుకుని వచ్చి పక్కన నిలబడింది. అతను లేస్తే తప్ప తొడగడానికి వీల్లేదు. ఏకాంబరం గోడ పట్టుకుని లేచాడు. ఆమె అతని ముఖంలోకి చూడకుండా మెత్తకు పాలిథీన్ తొడిగి, కింద ముడి వేసింది.

బల్ల దగ్గర రాజశ్రీ తన కవరును రెండు వేళ్లతో పైకెత్తి, మళ్లీ వదిలేసింది.

"ఇది కుట్టింది ఈయనేనా?"

"అవును మేడం. మాకు ఆయన ఒక్కడే టైలరు."

"వద్దులెండి. రెడీమేడ్‌ది ఏదైనా ఇవ్వండి. మా ఇంట్లో అసలే ఒంట్లో బాగలేని మనిషి..." అని నాలుక కరుచుకుని, "పాపకు," అంది.

"చేతులు కడుక్కున్నానమ్మా," అన్నాడు ఏకాంబరం. రెండు అరచేతులూ ముందుకు చాపి చూపించాడు.

ఆమె తల తిప్పుకుంది. సురేంద్ర గోడ మీంచి ప్లాస్టిక్ కవరు పొట్లం తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె చేతుల్లో అది చిటపటలాడింది.

"అది తీసకపోవద్దండమ్మా. అది సద్దు చేస్తాది. పండుకున్న మనిషి కదలడానికి జంకుతాది," అన్నాడు ఏకాంబరం. ఆ సాయంత్రం అతను గొంతు పెంచింది ఆ ఒక్కసారే. కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

అతను మళ్లీ మిషను ముందుకు వెళ్లాడు. పాలిథీన్ మీద కూర్చోలేదు. నిలబడే తన కవరు ఆఖరి అంచు కుట్టి, దారం కొరికి, మడిచి, రాజశ్రీ వద్దన్న కవరు పక్కన పెట్టాడు.

"తీసకపోవా?" అంది ధరణి.

"ఎవరైనా అడిగితే ఇయ్యి పాపా. ఈ కొలత గూడా అడగతారు," అన్నాడు.

సందు చివర ఎప్పుడూ కుడివైపు తిరిగి ఇంటికి పోయేవాడు, ఆ రోజు నేరుగా బస్టాండుకు నడిచాడు. మే నెల ఎండ ఇంకా రోడ్డు మీంచి లేస్తోంది. నగరి బస్సు కదలబోతోంది. నగరిలో ఇప్పుడు అతనికి ఎవరూ లేరు. ఉన్న ఇల్లు ఎప్పుడో అమ్మేశాడు. కండక్టరు కుప్పుస్వామి "యాడికి పెద్దాయనా?" అంటే నోటికి ఆ ఊరే వచ్చింది. వెనక సీటులో కిటికీ పక్కన కూర్చున్నాడు. కళ్ల ముందు చీకట్లు కమ్ముతున్నాయి. పెదవులు పగిలి ఉన్నాయి. వడమాలపేట దాటాక కిటికీ కడ్డీకి తల ఆనించాడు. పుత్తూరులో పక్కన కూర్చోబోయిన ఒకతను సీటు వైపు చూసి, ముఖం చిట్లించి ముందుకు వెళ్లాడు. అప్పటికి ఏకాంబరం కళ్లు మూసే ఉన్నాయి.

నగరిలో అప్పుడే వీధి దీపాలు వెలిగాయి. అందరూ దిగిపోయారు.

"పెద్దాయనా, లెయ్యి. నగరి వచ్చింది," అని కుప్పుస్వామి భుజం తట్టబోయి, సీటు కిందికి కారిన తడి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఛీ, తాగినోళ్లను ఎక్కించుకుంటే ఇంతే గదా. లెయ్యప్పా!"

మోకాలితో సీటును తన్నాడు. ఏకాంబరం తల కడ్డీ మీంచి జారి, గడ్డం రొమ్ముకు ఆనింది. కుప్పుస్వామి వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, డ్రైవరును కేకేశాడు. ఇద్దరూ కలిసి మోసుకుపోయి సిమెంటు బెంచీ మీద పడుకోబెట్టారు. చొక్కా జేబులో ఫోను మోగుతోంది. కుప్పుస్వామి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మామా, కవరు తెస్తాండారా, లేదా? వరండాలో దోమలు ఎక్కువ, తర్వాత నన్ననొద్దు," అంది అవతల ఆడగొంతు.

"అమ్మా," అన్నాడు కుప్పుస్వామి. బెంచీ వంక ఒకసారి చూసి, "మీరెవరమ్మా?" అని అడిగాడు.

పోలీసు వచ్చి పేరు, ఊరు రాసుకున్నాడు. బస్సుకు తిరుపతి ట్రిప్పు వేళ మించిపోతోంది. డ్రైవరు రెండు బక్కెట్ల నీళ్లు తెచ్చి వెనక సీటు మీద గుమ్మరించాడు. అది రెక్సిన్ సీటు, గుడ్డ పెట్టి ఒకసారి తుడిచేసరికి ఆరిపోయింది. తిరుపతికి పోయేవాళ్లు తోసుకుంటూ ఎక్కారు. కిటికీ పక్క చోటు దొరికినందుకు ఒకావిడ సంచి ఒళ్లో పెట్టుకుని హాయిగా కూర్చుంది. ఆమె కాళ్ల వెనక, సీటు కింద మూలన, నీళ్లకు కొట్టుకుపోయి ఇనుప కాలికి చిక్కుకున్న ఎడమకాలి చెప్పు ఒకటి ఉంది. తెగిన పట్టీని పరుపులు కుట్టే తెల్లదారంతో దగ్గర దగ్గరగా కుట్టి ఉంది. కాలికి ఒరుసుకోకుండా ముడి లోపలికి మడిచి ఉంది.