రెండు ఇంజన్ల పడవ

కృష్ణకు అడ్డంగా ఆనకట్ట లేచి లోయంతా నీళ్లు నిండిన మరుసటి ఏడు, దేవరకొండ దిక్కునున్న బెస్తల గుడిసెలకు ఇంజను పడవ వస్తుందని కబురొచ్చింది. అందరూ సంబరపడ్డారు. సైదమ్మకు మాత్రం ఆ పూట గటక ముద్ద గొంతు దిగలేదు. ఇంజను నడపడం నేర్చుకొని వచ్చింది ఆమె ఒక్కగానొక్క కొడుకు సోమన్న మరి.

సైదమ్మది కీడెంచే మనసు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె మేలు దాకా ఎన్నడూ పోలేదు. కొడుకు పొద్దుగూకి వస్తే పాము కరిచిందనుకునేది, పెందలాడే వస్తే జ్వరమొచ్చిందనుకునేది. ఏరు ఏరుగా ఉన్నప్పుడే కొంత నయం. తెడ్డు జారిపోయినా పారే నీరు ఏదో ఒక ఒడ్డుకు చేర్చేది. ఇప్పుడా నీరు పారదు. మునిగిన ఊళ్లనూ చెట్లనూ కడుపులో పెట్టుకొని కదలకుండా నిలబడి ఉంది. 

చేపల ఆఫీసరు వచ్చి బెస్తల సంఘపోళ్లను కూర్చోబెట్టాడు. పడవకు ఒకటే పెద్ద ఇంజను కావాలా, రెండు చిన్నవి కావాలా, మీరే తేల్చుకోండన్నాడు.

"ఒక్కటి సాలు సారూ," అన్నాడు సైదమ్మ పెనిమిటి గుర్వయ్య. "రెండంటే ఇద్దరు పెండ్లాలే. ఒకదానికి నూనె పోస్తే ఇంకోటి అలుగుతది."

"ఒక్కదానితోనే ఏగలేక సస్తున్నవ్, నీకెట్ల ఎరుక?" అన్నాడు సంఘం పెద్ద గాలయ్య. అందరూ నవ్వారు.

ఆడవాళ్ల వైపు నుంచి సైదమ్మ లేచి నిలబడింది. "నవ్వుండ్రి, నవ్వుండ్రి. ఒక్క పుట్టి ఎన్నడన్న ఏరు దాటిందా? మీ తాతలు దాటిండ్రా?"

నవ్వులు ఆగిపోయాయి. పుట్టి అంటే వెదురుతో అల్లి తోలు కప్పిన గుండ్రటి తెప్ప. ఆ గుడిసెల్లో ఎవరూ పుట్టిని ఒంటరిగా నీళ్లలోకి తీయరు. పిలిస్తే పలికేటంత దూరంలో రెండోది ఉండాలి. ఒకదాని తోలు చిరిగితే రెండోది మనిషిని ఎక్కించుకుంటుంది. అది వాళ్లకు ఇంటి దేవుడంత కట్టడి.

"జంట లేని పుట్టిని ఏరు మింగుతదని మీరే అంటిరి. గీ పడవకు జంట యాడున్నది? రెండు ఇంజన్లు పెట్టుండ్రి. ఒకటి ఆగితే ఇంకోటి నా కొడుకును ఇల్లు చేరుస్తది."

పక్క గుడిసె బిక్షమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. బిక్షమ్మ కొడుకు దశరథమే ఆ పడవలో వల వేయాల్సినవాడు. "సైదమ్మా, జంటంటే ఇంకో పుట్టి గదనే. ఇంజను ఒక్కటైతేంది? పడవ యెనక ఒక పుట్టిని కట్టుకొని పోతే అయిపాయె."

"పుట్టిని గుంజుకుంట తిరిగెతందుకు ఇంజనెందుకక్కా? నీకేం, ఫికర్ లేని మనిషివి. నీ వంతు ఫికర్ గూడ నేనే పడుతున్న."

"పడు తల్లీ, పడు. నేను జర నిద్రపోత," అంది బిక్షమ్మ నవ్వుతూ.

సైదమ్మ మాటే నెగ్గింది. రెండు ఇంజన్లు తెచ్చి పడవ వెనక చెక్కకు పక్కపక్కనే బిగించారు. మొదటి రోజు సోమన్న పాత అలవాటు చొప్పున వెనక పుట్టిని కట్టుకున్నాడు. ఒడ్డు దాటకముందే తాడు విప్పేశాడు.

"రెండుండంగ ఇదెందుకే అమ్మా? అడిగి తెప్పిస్తివి గద!"

అవును గదా అనుకుంది సైదమ్మ. ఆ రాత్రి, చాలా ఏండ్ల తర్వాత, ఆమెకు కలలేని నిద్ర పట్టింది. పుట్టి ఒడ్డునే బోర్లా పడి ఉండిపోయింది.

ఆషాఢంలో ఒక సాయంత్రం పడమటి నుంచి గాలి లేచింది. చీకటి పడ్డా పడవ రాలేదు. గాలి తగ్గేదాకా పుట్టి దింపే వీల్లేకపోయింది. తెల్లవారుతుండగా గుర్వయ్య ఒక పుట్టిలో, గాలయ్య ఇంకో పుట్టిలో బయల్దేరారు. ఒడ్డున సైదమ్మ, బిక్షమ్మ భుజాలు ఆనించుకొని కూర్చున్నారు.

"వస్తరు తియ్యే. రెండు ఇంజన్లాయె," అంది బిక్షమ్మ.

 పొద్దెక్కాక రెండు పుట్లూ తిరిగొచ్చాయి. గుర్వయ్య పుట్టిలో సోమన్న వణుకుతూ ముడుచుకొని ఉన్నాడు. గాలయ్య పుట్టిలో గాలయ్య ఒక్కడే ఉన్నాడు.

జరిగింది సోమన్న ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గాలి పడవను వెనక్కి నెట్టి, వాళ్లు వేసిన వల మీదికే తోసింది. నీళ్లలో తిరిగే రెండు ఇంజన్ల పంకాలకూ ఒక్కసారే వల చుట్టుకుంది. పక్కపక్కనే ఉన్నాయాయె, ఒకటి చిక్కుకొని ఒకటి ఎట్లా మిగులుతుంది? వల కోయడానికి ఇద్దరూ వెనక్కి వంగారు. ఇంజన్ల బరువుకు వెనక చెక్క అప్పటికే నీళ్లకు దగ్గరగా ఉంది. ఒక్క అల వచ్చింది. పడవ వెనక నుంచి మునిగింది. నీళ్ల పైకి తేలిన ఒక చెట్టు కొమ్మ సోమన్న చేతికి దొరికింది. దశరథానికి ఏదీ దొరకలేదు. "యెనక పుట్టి ఉంటే ఎక్కుదుం," అన్నాడు సోమన్న. తర్వాత తల్లి ముఖం చూసి తల తిప్పుకున్నాడు.

సైదమ్మను ఎవరూ ఒక్క మాట అనలేదు. మాటకు మాట నవ్వించే గుర్వయ్య కూడా గోడకు చేరగిలబడి నేల చూస్తూ కూర్చున్నాడు.

దినాలు అయిపోయాక బిక్షమ్మ తనంతట తానే వచ్చి సైదమ్మ గడప మీద కూర్చుంది. తిడుతుందనుకుంది సైదమ్మ. తిడితే బాగుండుననుకుంది.

"నిద్ర పడతలేదే సైదమ్మా," అంది బిక్షమ్మ. "అప్పట్నించి గాలి లేస్తే సాలు, వాడింకా నీళ్ల మీదనే ఉన్నడని గుండె దడదడంటాంది. నీకు ఇన్నేండ్లు గిట్లనే ఉండెనా?"

సైదమ్మ తలూపింది. 

లోపల సోమన్న దగ్గాడు. నీళ్లు మింగినప్పటి నుంచి ఆ దగ్గు పోలేదు. సైదమ్మ ప్రాణం ఎప్పటిలాగే ఆ దగ్గు మీదికి దూకింది. ఛాతీలో దిగిందేమో, దవాఖానకు తీసుకుపోవాలేమో. మరుక్షణమే ఆ చప్పుడు బిక్షమ్మ చెవిన పడకుండా చూడాలనిపించింది. చెయ్యి వెనక్కి చాచి, మెల్లగా తలుపు దగ్గరికి వేసింది.