సున్నా పెట్టిన రోజు

మనిషన్నాక మధ్యలో మంచినీళ్లకైనా లేవదా, ఒంటిగంటకు కూర్చున్నది ఐదింటిదాకా కూర్చునే ఉంటుందా, అదీ రోజూ, ఆదివారం లేదు, అమావాస్య లేదు, సద్దుల బతుకమ్మ నాడు కూడా సౌందర్య అనే ఈ పిల్ల ఒంటిగంటా రెండు నిమిషాలకు కాలేజీల పాఠాల సైటులోకి వచ్చింది, నాలుగూ యాభై ఆరుకు పోయింది, సద్దుల నాడు ఏ ఆడపిల్లయినా తంగేడు పూలు పేర్చుకుంటుందా సగటు లెక్కలు చదువుకుంటుందా, పోనీ మహా చదువరి అనుకుందామంటే కాలేజీ ఉన్న రోజుల్లో సరిగ్గా అదే వేళకు అదే సౌందర్య, బీకాం రెండో సంవత్సరం, నాగర్‌కర్నూల్ కాలేజీలో క్లాసులో ఉన్నట్టు హాజరు పట్టీ చెబుతోంది, ఒక్క మనిషి నాగర్‌కర్నూల్లో బెంచీ మీదా అచ్చంపేటలో కంప్యూటర్ ముందూ ఒకేసారి ఎట్లా ఉంటుంది, దీని వెనక ఎవరో ఉన్నారు, ఉండి తీరాలి, అనుకుంటూ జయశ్రీ ఒళ్లోని సంచిని పైనుంచే తడిమి చూసుకుంది, కాగితాలు ఉన్నాయి, పక్క సీటాయన ఈ సంచి వైపే చూస్తున్నాడేమిటి, ఆయన చూస్తున్నది కిటికీ బయట పత్తి చేన్లనని తెలిసినా సంచిని ఇటువైపుకు జరుపుకుంది, బస్సు తెలకపల్లి దాటింది.

ఉన్నవి రెండే కాగితాలు, ఒకటి ఎవరు ఎప్పుడొచ్చి ఏ పేజీ తెరిచారో సైటు తనంతట తాను రాసుకునే చిట్టా, రెండోది జయశ్రీ నిన్న రాసి సంతకం పెట్టిన ఫిర్యాదు, రేపు గద్వాలలో కమిటీ ముందు అది పెడితే సౌందర్య ఐడీ రద్దవుతుంది, ఇంటర్నల్ మార్కులు పోతాయి, ఈ ఏడు పరీక్ష రాయనివ్వరు, పోనీ, దొంగపని చేసినప్పుడు తెలియలేదా, అయినా ఒక్కసారి కళ్లతో చూసి పట్టుకుంటే ఇక ఎవరూ నోరెత్తలేరు, అందుకే సెలవు పెట్టి మరీ బస్సెక్కింది, వనపర్తి నుంచి అచ్చంపేట దాకా ఒక పిల్లను పట్టుకోవడానికి వెళ్లే లెక్చరర్ని ఎవరైనా చూశారా, చూడరు, వాళ్లెవరికీ ఆ సైటు సొంతం కాదు కదా.

సొంతం అనకూడదు నిజానికి, ఆ సాఫ్ట్‌వేర్ ఎవరో ఊరూ పేరూ తెలియని మనుషులు తలా ఇంత రాసి, తీసుకోండి, వాడుకోండి, మార్చుకోండి, మార్చింది మళ్లీ పదిమందికీ ఇవ్వండి అని వదిలేసినది, నాలుగేళ్ల కింద, రెండువేల నాలుగులో, దాన్ని దింపుకునే ముందు జయశ్రీ ఆ షరతుల కాగితాన్ని మూడుసార్లు చదివింది, ఊరికే ఇచ్చేవాడు ఊరికే ఇస్తాడా, ఎక్కడో మెలిక ఉంటుంది అని, మెలిక దొరకలేదు, దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది, ఎట్లాగైతేనేం, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు కాలేజీలకూ కలిపి సైటు నిలబెట్టింది, స్టాటిస్టిక్స్ పాఠాలు తెలుగులో తనే టైపు చేసింది, ఒక్కో ఒత్తుకూ ఒక్కో తిప్పలు పడుతూ, రెండు ఎండాకాలాల సెలవులూ దానికే పోశాను కదా దేవుడా, ఇప్పుడేమో యూనివర్సిటీ వాళ్లకు అది పాతదైపోయింది, కొత్తగా తీర్చిదిద్దాలట, దానికొక కమిటీ, దాని పెద్ద గద్వాల కాలేజీ భాస్కర్.

ఆ భాస్కర్ మొన్న ఫోనులో ఎంత మెత్తగా మాట్లాడాడని, మేడం, మీ పాఠాలు మంచిగనే ఉన్నయి గని చదివెటోల్లు ఎవరున్నరు చెప్పుండ్రి, ఉత్తగ జాగ తింటున్నయి, కొత్త సైటుల గవి వద్దనుకుంటున్నం అన్నాడు, మంచిగనే అట, ఆ మాటలో ఎంత వెటకారముందో తనకు తెలియదనుకుంటున్నాడా, సరే సర్, మరి అచ్చంపేట నుంచి ఒక ఐడీ రోజూ తిరుగుతోంది, అదెవరిదో మీకేమైనా తెలుసా అని తను అడగ్గానే అటువైపు ఒక్క క్షణం చప్పుడు లేదు, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తర్వాత, తెల్వది మేడం, నాకేం ఎరుక, అన్నాడు, అంతే, దొరికిపోయాడు, వీడే మనిషిని పెట్టించాడు, తన పాఠాల్లో తప్పులు వెతికించడానికి, రేపు కమిటీలో ఒక్కొక్కటే చదివి వినిపించడానికి.

లేకపోతే ఆ ప్రశ్న ఎట్లా వస్తుంది, పాఠం కింద చర్చ పేజీలో, రెండు నెలల కింద, ఆ ఐడీ నుంచే, మేడం, పల్లికాయ లెక్కల నాలుగో దినం సున్నా పెట్టిండ్రు, గా దినం మార్కెట్ బందు, బందున్న దినాన్ని లెక్కల ఎందుకు కలిపిండ్రు, జర చెప్పుండ్రి, అని, అది చదివి జయశ్రీకి చెవులు వేడెక్కాయి, పాఠం తీసి చూసింది, అచ్చంపేట మార్కెట్‌కు ఏడు రోజుల్లో వచ్చిన పల్లికాయ బస్తాలు, నలభై, యాభై ఐదు, అరవై, సున్నా, నలభై ఐదు, యాభై, యాభై, మొత్తం మూడు వందలు, బై ఏడు, సగటు సుమారు నలభై మూడు, ఆ ప్రశ్న నిజమే, నాలుగేళ్లుగా ఆ లెక్క తప్పే, ఒక్క మాట జవాబు రాస్తే అయిపోయేది, రాయలేదు, రాస్తే ఒప్పుకున్నట్టే కదా, ఒప్పుకుంటే భాస్కర్ చేతికి చిక్కినట్టే కదా, పేజీ మూసేసింది, ఆ తర్వాత ప్రతి వారం అదే ఐడీ నుంచి అదే పేజీలో ఒక్క ముక్క, మేడం ఉన్నరా, ఇంకోసారి, మేడం మీరు ఉన్నరా, ఒకసారి ఒత్తులన్నీ సరిగ్గా, ఒకసారి అక్షరాలన్నీ కలిపేసి, ఒకసారి ప్రశ్నార్థకాలు వరసగా మూడు, ఒక్క చేతిరాత కాదది, ముఠా.

ఎందుకో ఉన్నట్టుండి హుసేన్‌బీ గుర్తొచ్చింది, ఎన్నేళ్లయింది, నాగర్‌కర్నూల్ కాలేజీలో పక్క సీటు, లైబ్రరీ కార్డు కావాలంటే ఊళ్లో ఇల్లున్న పెద్దమనిషి ఎవరైనా సంతకం పెట్టాలి, హుసేన్‌బీ వాళ్ల నాయనకు ఊళ్లోనే గాజుల దుకాణం, అందుకని తమ నలుగురు స్నేహితులకూ కలిపి ఆమె పేరు మీద ఒక్కటే కార్డు, లైబ్రరీ చిన్నయ్య సార్ కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, ఏం బిడ్డా, వారంల ఆరు పుస్తకాలు ఒక్కదానివే సదివినవా, అమ్ముకుంటున్నవా ఏంది, అనేవాడు, పాపం ఆ పిల్ల ముఖం ఎర్రబడేది, బయటికొచ్చాక నలుగురూ పడీ పడీ నవ్వేవాళ్లు, ఎంత అనుమానపు మనిషో చిన్నయ్య సార్, జయశ్రీకి ఇప్పుడూ నవ్వొచ్చింది, నవ్వుతూనే సంచి తడుముకుంది, అచ్చంపేట, అచ్చంపేట, దిగెటోల్లు జర ముందుకు రాండ్రి అని కండక్టర్ కేకేశాడు.

సౌందర్య చిరునామా రాయమన్న చోట గౌస్ పాషా ఇంటర్నెట్ సెంటర్ అని రాసింది, ఇంటర్నెట్ సెంటర్ ఎవరికైనా ఇల్లవుతుందా, ఆ ఒక్కటి చాలదా అనుమానించడానికి, బస్టాండు ఎదురుగా, ఎరువుల దుకాణం పక్కన, మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్న గడ్డం మనిషి గౌస్ పాషానే అయి ఉంటాడు, మనిషి మెత్తగానే ఉన్నాడు, మెత్తటివాళ్లనే నమ్మకూడదు, ఏం కావాలమ్మా, లోపల పిల్లలున్నరు, మా ఫరా చూస్కుంటది, మధ్యాహ్నం గిరాకీ ఉండదు, పోండ్రి, అని తెర వైపు చూపించాడు, గిరాకీ లేని వేళ చూసుకుని, ఎవరూ రాని వేళ చూసుకుని, ఆహా, అన్నీ లెక్క ప్రకారమే, చెప్పులు చప్పుడు కాకుండా నడిచి తెర పక్కన నిలబడింది, ఫిర్యాదు కాగితం బయటికి తీసి చేతిలో పట్టుకుంది, పోలీసులు వారంటు పట్టుకున్నట్టు.

లోపల ఎవరో గట్టిగా చదువుతున్నారు, ఒక రోజు మిగతా రోజుల కంటే మరీ వేరుగా ఉన్నప్పుడు సగటు మనను మోసం చేస్తుంది, అప్పుడు మధ్యలో నిలబడిన విలువను చూడాలి, బడిలో పిల్లలను ఎత్తు ప్రకారం వరసగా నిలబెట్టి నడిమి పిల్లను పిలిచినట్టు, ఎక్కడో విన్న మాటలివి, ఎవరివో ఈ మాటలు, నడిమి పిల్ల అనాలా మధ్య పిల్ల అనాలా అని ఒక పూటంతా తర్జనభర్జన పడింది ఎవరు, నేనే కదా, నావే కదా ఇవి, ఇంకొకరి నోట్లో ఇట్లా ఉంటాయా, చదివే గొంతు ఆగి, సమజైందా వదినె అంది, ఆగు ఆగు, నడిమిది రాసుకుంటున్న అంది ఇంకో గొంతు, తెర సందులోంచి చూస్తే మూలన ఒక్క కంప్యూటర్, దాని చుట్టూ నాలుగు స్టూళ్లు, నలుగురు ఆడవాళ్లు, అందులో సౌందర్య లేదు, ఉండదు, ఆ పిల్ల ఇప్పుడు నాగర్‌కర్నూల్లో క్లాసులో ఉంది, హాజరు పట్టీ నిజమే చెప్పింది, చిట్టా కూడా నిజమే చెప్పింది, ఒళ్లో పసిపిల్లతో ఒకామె, ఆమె భుజం మీదుగా తొంగిచూస్తూ మరొకామె, మెడలో టైలరు టేపు వేసుకుని ఇంకొకామె, కీబోర్డు దగ్గర తల మీద దుపట్టా కప్పుకుని ఫరా కాబోలు, అందరి చేతుల్లోనూ నోటు పుస్తకాలు.

ఎవరు కావాలె అమ్మా అని టేపు వేసుకున్నామె లేచింది, ఏం చెప్పాలో వనపర్తి నుంచి వల్లె వేసుకుంటూ వచ్చిన మాటలన్నీ ఎటుపోయాయో, నేను జయశ్రీని, వనపర్తి, అన్నది, అంతే, ఇక వణుకుతారు, ఇక అబద్ధాలు మొదలుపెడతారు అని చూస్తుంటే ఫరా గబుక్కున లేచి, పాఠం కింద పేరుంటది, ఆ జయశ్రీ మేడమా, అని తన స్టూలును దుపట్టా కొంగుతో తుడిచి ముందుకు జరిపింది, టేపు వేసుకున్నామె పేరు బాలనాగమ్మ అట, సౌందర్య మా చెల్లె మేడం, మాది ఉప్పునుంతల, నేను ఇంటర్ కాడనే ఆగిన, పెండ్లయి ఈడికొచ్చిన, వీళ్లు గూడ గట్లనే ఆగినోల్లు, ఓపెన్ డిగ్రీ రాద్దామని చదువుతున్నం, మీ సైటుల రోల్ నంబర్ అడుగుతది మేడం, మాకు రోల్ నంబర్ ఏడికెళ్లి వస్తది, అందుకే మా చెల్లె తన పేరిచ్చింది, తప్పయితే దాన్నేం అనకుండ్రి, దానికి పరీక్షలున్నయి, అంది, రోల్ నంబర్ లేనిదే లోపలికి రానివ్వని ఆ తలుపు పెట్టింది భాస్కర్ కాదు, యూనివర్సిటీ కాదు, రెండువేల నాలుగులో దొంగలు రాకూడదని జయశ్రీయే పెట్టింది, బద్దలు కొట్టి ఎవరూ రాలేదు, ఒకరి పేరు పట్టుకుని నలుగురు వచ్చారు, హుసేన్‌బీ కార్డు పట్టుకుని తాము వెళ్లినట్టు.

చేతిలో కాగితం చెమటకు మెత్తబడింది, దాన్ని సంచిలో దాచేద్దామనుకునే లోపే బాలనాగమ్మ కళ్లు దాని మీద పడ్డాయి, ముఖం విప్పారింది, జవాబు తెచ్చిండ్రా మేడం, గా సున్నా లెక్క, మా ఆయన మార్కెట్ల హమాలీ, గా దినం బస్తాలు రాలేదని కాదు, మార్కెట్టే బందు అని ఆయనే చెప్పిండు, రెండు నెలల సంది అడుగుతున్నం, మేడం ఉన్నదో లేదో అని వీళ్లంతా అంటుంటే నేనే అన్న, పాఠం రాసినామె ఉండకుంట ఏడికి పోతది, అన్నది, జయశ్రీ అవునని తల ఊపింది, జీవితంలో అంత పెద్ద అబద్ధం అంత తేలిగ్గా ఎప్పుడూ ఆడలేదు, స్టూలు మీద కూర్చుని ఫిర్యాదును బోర్లా తిప్పి ఫరా చేతిలో పెన్ను తీసుకుని తెల్లటి వెనక వైపున నలభై, యాభై ఐదు, అరవై అని రాస్తూ పోయింది, నాలుగో రోజు దగ్గర సున్నా రాసి కొట్టేసింది, మూడు వందలు బై ఆరు, యాభై, మీరు చెప్పిందే కరెక్టు బాలనాగమ్మా, తప్పు నాది, అన్నది, సంతకం సిరా ఆ వైపు నుంచి ఈ వైపుకు కొద్దిగా ఊరి ఉంది, ఇక ఈ కాగితం ఏ కమిటీకీ పనికిరాదు.

చదివెటోల్లు ఎవరున్నరు చెప్పుండ్రి అని రేపు భాస్కర్ మళ్లీ అడుగుతాడు, అడగనీ, ఆయన ఫోనులో ఆగిన ఆ ఒక్క క్షణం నిజంగానే తెలియకపోవడం కావచ్చు, ఇంతకీ చదివేవాళ్లెవరన్న ఆ ప్రశ్న ఆయన కంటే ముందు తను వేసుకున్నది, చిట్టాలో సౌందర్య పేరు కొట్టేస్తే తన పాఠాల ముందు మిగిలేది దాదాపు సున్నాయేనని జయశ్రీకి ఎప్పుడో తెలుసు, అందుకే అంత నమ్మకంగా దొంగ అనుకోగలిగింది, నాలుగేళ్లు, రెండు ఎండాకాలాలు, ఒక్కో ఒత్తుకూ ఒక్కో తిప్పలు, ఇన్నీ పడుతూ కూడా ఎవరో ఒకరు నిజంగా కూర్చుని తన మాటలు చదువుతారని ఒక్క రోజు కూడా అనుకోలేదు, వదినె, తర్వాతి లెక్క మేడంనే చదువుమందాం అంటోంది ఫరా, బాలనాగమ్మ నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది, నిజంగా చదువుతున్నారు, అనుకుంది జయశ్రీ, నిజంగానే చదువుతున్నారు.