నా మూడో తల

నేను ఒక ఇనప టోపీని. మీరు హెల్మెట్ అనండి, నాకేం అభ్యంతరం లేదు. నేను పుట్టిన దేశం పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు వెంటనే ఏదో ఒక వైపు చేరిపోయి నా మాట వినడం మానేస్తారు. బాగా చలి దేశమనీ, చాలాకాలంగా యుద్ధం చేస్తున్న దేశమనీ తెలిస్తే చాలు.

మా ఫ్యాక్టరీలో ఇనప రేకును అచ్చులో పెట్టి ఒక్క దెబ్బ వేస్తారు. ఆ దెబ్బకి పుట్టాను. పైన ఆకుపచ్చ రంగు వేశారు, లోపల తోలు పట్టీ బిగించారు. పరీక్ష చేసే పెద్దమనిషి సుత్తితో నా నెత్తిన కొట్టి చూసి "సరిపోతుంది" అన్నాడు. దేనికి సరిపోతానో చెప్పలేదు. ఎగిరొచ్చే రాళ్లకీ, చిన్నచిన్న బాంబు పెంకులకీ నేను అడ్డు. తూటా నేరుగా వస్తే నేనొక మూకుడుతో సమానం. ఈ సంగతి చేసినవాళ్లకి తెలుసు, పంచిపెట్టేవాళ్లకి తెలుసు, పెట్టుకునేవాళ్లకి తప్ప.

నా మొదటి తల ఆ దేశపువాడిదే. బట్టతల బడిపంతులు, రెండు నెలలున్నాడు. రెండోది ఎక్కడో కొండల్లోంచి వచ్చిన పరాయివాడిది. ఇరవై ఒక్క రోజులు. ప్రతిసారీ నన్ను గోదాముకి తెచ్చి, కడిగి, సొట్టలు సరిచేసి మళ్లీ అరమీద పెట్టారు. నాకు ఇచ్చిన మర్యాద ఆ తలలకి ఇచ్చారా అంటే, నేను చూడలేదు.

మూడో తల రాజలింగానిది. ముప్ఫై నాలుగేళ్లు. కోరుట్ల దగ్గర ఊరు. నాకు తెలుగు వచ్చింది ఆయన పుణ్యాన్నే. పగలంతా తలమీద కూర్చుంటే ఆ తలలో తిరిగే భాష రాకుండా ఎక్కడికి పోతుంది?

ఆయన మోసపోయి సైన్యంలో చేరాడని తర్వాత చాలామంది అన్నారు. నేను ఒప్పుకోను. చేరేది సైన్యమని ఆయనకి తెలుసు. గల్ఫ్‌లో పదేళ్లు షట్టరింగ్ పని చేశాడు. మధ్యలో మూడుసార్లు ఇంటికి వెళ్లాడు. కూతురు వర్షితకి నాలుగేళ్లప్పుడు వెళితే ఆ పిల్ల ఆయన్ని చూసి తల్లి వెనక దాక్కుంది. "మా డాడీ ఫోన్ల ఉంటడు" అందట. గల్ఫ్‌లో కూలీకి పెళ్లాంబిడ్డల్ని తెచ్చుకునే వీలు లేదు. ఊళ్లో ఉంటే పని లేదు. ఏజెంటు చెప్పింది ఒక్కటే: ఏడాది సైన్యంలో పని, అదీ వంటశాలలో, ఆ తర్వాత పౌరసత్వం, తర్వాత భార్యనీ కూతుర్నీ తెచ్చేసుకోవచ్చు. ముగ్గురూ ఒకే కప్పు కింద ఉండటం. ఆయనకి కావలసింది అదొక్కటే. అంత చిన్న కోరికకి అంత పెద్ద యుద్ధంలో చేరడం మనుషులకే చెల్లింది.

చేరిన రోజున క్షవరం చేశారు. ఆయన జుట్టు భుజాలదాకా ఉంది, వేములవాడ రాజన్నకి మొక్కిన జుట్టు. మంగలి మిషన్ పెట్టగానే ఆయన కళ్లు మూసుకుని "రాజన్నా, తప్పాయె" అన్నాడు. ఆ వెంటనే నన్ను తలమీద బోర్లించారు. చల్లటి ఇనుము తగిలి ఒళ్లు ఝల్లుమన్నది ఆయనకో, ఆ వేడి తల తగిలి నాకో చెప్పలేను.

ఆ శిబిరంలో ఇండియా వాళ్లు పన్నెండు మంది. రాజలింగం కాక తెలుగు తెలిసినవాడు అస్లం ఒక్కడే, బోధన్ కుర్రాడు, ఇరవై ఆరేళ్లు. ఇద్దరూ గంగాళాలకొద్దీ బంగాళాదుంపలు చెక్కుతూ మాట్లాడుకునేవారు. ఇదేం యుద్ధమని నేను విసుక్కునేవాణ్ని. ఇప్పుడు ఆ దుంపలే నయమనిపిస్తుంది.

రెండు నెలలు గడిచాక ఒక ఉదయం కెప్టెన్ అందర్నీ వరసలో నిలబెట్టాడు. పరాయిదేశం వాళ్లు తమ పాత పాస్‌పోర్టు ఇచ్చేసి ఒక కాగితం మీద సంతకం పెడితే, ఏడాది ఆగనక్కర్లేదు, నెలలోనే పౌరసత్వం అన్నాడు. పదకొండు మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజలింగం మాత్రం అప్పుడే జేబులో చెయ్యి పెట్టాడు.

"అన్నా, జర ఆగే. ఆ కాయితంల ఏం రాసిండ్రో ఎర్కనా?" అన్నాడు అస్లం.

"ఏముంటది తమ్మీ. పాస్‌పోర్ట్ కంపెనీ కాడ పెట్టుడు మనకు కొత్తనా? పదేండ్లు గల్ఫుల నా పాస్‌పోర్ట్ నా చేతుల ఉన్నదా? ఇంటికి పోయేనాడు తీసి ఇయ్యలేదా?"

"గది కంపెనీ. ఇది సర్కార్ అన్నా."

"ఎవలైతేంది. దాసిపెట్టేటోడు దాసిపెడ్తడు, పోయేటోడు పోతడు."

గల్ఫ్‌లో దిగిన రోజే పాస్‌పోర్టు యజమానికిచ్చి, సెలవు దొరికినప్పుడు అడిగి తీసుకోవడం అలవాటైన మనిషి. అది తన దేశాన్ని వదులుకునే కాగితమని ఆయన ఊహకి కూడా రాలేదు. పేనా కదులుతున్నప్పుడు నేను తలమీదే ఉన్నాను. ముందుకి జారి ఆయన కళ్లు మూసేద్దామనుకున్నాను. గడ్డం కింద బెల్టు గట్టిగా ఉంది.

నెలకి కొత్త పాస్‌పోర్టు వచ్చింది. కెప్టెన్ చెయ్యి కలిపాడు, ఫోటో తీశారు. ఆయన ఆ ఫోటో ఇంటికి పంపాడు. భార్య జమున ఫోన్ చేసింది.

"ఫోటోల మంచిగున్నవ్. గని మమ్ముల ఎన్నడు తీస్కపోతవ్?"

"నౌకరి ఒడిసినంక. ఇంక తొమ్మిది నెలలే."

మర్నాడు కెప్టెన్ ఆ లెక్క సరిచేశాడు. ఏడాది గడువు పరాయివాళ్లకట. సొంత పౌరులు యుద్ధం అయిపోయేదాకా ఉండాలట. కుటుంబాన్ని తెచ్చుకోవడం ఆ తర్వాతి మాట. కెప్టెన్ దీన్ని శుభవార్తలాగే చెప్పాడు, భుజం కూడా తట్టాడు. ఆ సాయంత్రం నుంచి రాజలింగానికి దుంపల పని తప్పించి తుపాకీ ఇచ్చారు.

మూడు వారాలకి ఒక బస్సు వచ్చింది. ఊళ్లలో తల్లులూ భార్యలూ మొత్తుకుంటే రెండు దేశాల పెద్దలూ మాట్లాడుకున్నారట. ఇండియా అధికారి ఒకాయన దిగి పేర్లు చదివాడు. పదకొండు పేర్లు. అస్లం పేరు ఐదోది. పదకొండో పేరు అయ్యాక రాజలింగం ముందుకు నడిచి, తనకొచ్చిన గల్ఫ్ హిందీలో తన పేరు ఎందుకు లేదని అడిగాడు. అధికారి ఫైలు తిరగేసి, కొత్త పాస్‌పోర్టు చూసి, మూసి ఆయన చేతికే తిరిగిచ్చాడు.

"మావాళ్లను ఇవ్వండని మాత్రమే నేను అడగగలను. మీరు ఇప్పుడు వీళ్లవారు" అన్నాడు చివరికి. చెడ్డమనిషి కాదు.

హిందీ అంతటితో అయిపోయింది. రాజలింగం తెలుగులోకి వచ్చేశాడు.

"సారూ, నేను కోరుట్ల కాడోణ్ని. మా ఊరోల్లను అడగురి. మా అవ్వను అడగురి."

అస్లం దాన్ని హిందీలో చెప్పబోయి చెప్పలేక ఏడ్చాడు. అధికారి అర్థమైందన్నట్టు తల ఊపి ఆ పేరు ఒక చీటీమీద రాసుకున్నాడు. బస్సు కదిలింది. నా కింద ఆ తల ఎంత బరువెక్కిందో నాకే తెలుసు. ఆయన కోసం నేను నిజంగా బాధపడ్డాను. ఇనుముకి బాధేమిటని మీరు నవ్వితే నవ్వండి.

మర్నాడు జమున ఫోన్. "టీవీల అందర్ని సూపెట్టిండ్రు. నువ్వు కండ్లవడలే?"

"ఎనుక బండిల వస్తున్న" అన్నాడు. పెళ్లయి పన్నెండేళ్లలో ఎన్ని అబద్ధాలాడాడో గానీ, దీనంత కష్టమైనది ఉండదు.

వెనక బండి నిజంగానే వచ్చింది. లారీ. అది ఆయన్ని ముందు వరస కందకాలకి తీసుకుపోయింది. ఆరో రోజు మధ్యాహ్నం ఒక పొద్దుతిరుగుడు చేలో ఆయన పడిపోయాడు. నేను ఊడి పక్కకి దొర్లాను. వచ్చింది తూటా. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఫ్యాక్టరీలో సుత్తి పట్టుకున్న పెద్దమనిషి ఇంకా అందరికీ "సరిపోతుంది" అంటూనే ఉండుంటాడు.

నన్ను మళ్లీ గోదాముకి తెచ్చారు. ఇప్పుడు గుమాస్తా బల్ల పక్కన అరమీద ఉన్నాను. చావు కబురు ఇంటికి పంపి నెలన్నర అయింది. ఆ గుమాస్తాకి ఒక అలవాటుంది, ఏం చదివినా, ఏం రాసినా తన భాషలో పైకి అనుకుంటాడు. నిన్న ఇండియా నుంచి వచ్చిన ఒక ఉత్తరం విప్పాడు. జమునది. ఎవరిచేతనో ఇంగ్లీషులో రాయించింది. డబ్బు వద్దంది, పతకం వద్దంది. మనిషిని ఆయన దేశానికి పంపించండి, మా చేతులతో సాగనంపుకుంటాం అంది.

గుమాస్తా దయగల మనిషిలాగే ఉన్నాడు. చదివి నిట్టూర్చాడు. ఫైలు తెప్పించుకుని రెండుసార్లు చూశాడు. తర్వాత తప్పులు పోకుండా మెల్లగా జవాబు రాశాడు.

"అమ్మా, మీరు కోరినట్టే జరిగింది. మీ భర్తకు ఆయన సొంత దేశపు మట్టిలోనే, సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు చేశాము."

మరోసారి పైకి చదువుకున్నాడు. ఫైలు ప్రకారం ఒక్క అక్షరం తప్పు లేదు. ముద్ర వేసి కవరు అంటించాడు.