పలకని దినం

రోహిణి కార్తెలో మొదటి ఆదివారం కమలాబాయి ఇంట్లో ఎవరు పిలిచినా పలకరు. ఆమె తల్లి లచ్చవ్వ పెట్టిన పండుగ అది. తాను దొరల ఇల్లు విడిచిన తారీఖు లచ్చవ్వకు తెలియదు. ఆనాటి ఎండ మాత్రం గుర్తుండేది.

లచ్చవ్వ ఆడబాప, దొర ఇంటి దాసి. దొరబిడ్డ పెళ్లయి అత్తారింటికి పోతుంటే సారెతో పాటు ఆమెనూ పంపించారు. కూలి లేదు, పెళ్లి లేదు, తనదని చెప్పుకోవడానికి ఒక పూట కూడా లేదు. పిలిస్తే పలకాలి, అంతే. వెట్టి వద్దని సంఘం లేచి, దొరలు పట్నానికి పారిపోతున్న ఏడు, ఒక మధ్యాహ్నం ఆమె చేతిలోని చెంబు కింద పెట్టి గడప దాటింది. పట్టాల వెంట నడిచి సికింద్రాబాద్ చేరింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే మనిషిని పెళ్లాడింది.

ఈ ఏడే ఉద్యోగానికని వచ్చి, మెట్టుగూడలో అమ్మమ్మ కమలాబాయి దగ్గర దిగిన నవతకు ఈ పండుగ కొత్త.

"ఇయ్యాల మనం ఎవరి పనీ చెయ్యం. రాత్రి కలిపిన పులిహోర ఉంది, తిందాం," అంది కమలాబాయి పొద్దున్నే. "ఎవరన్న పిలిస్తే మాత్రం పలుకకు."

"పలికితే ఏమైతది?"

"మా అన్న ఒకసారి పలికిండు. పొద్దుగూకేదాక నీళ్లు మోసిండు. ఎవరికి మోసినవ్ రా అంటే చెప్పలేకపోయిండు."

నవత నవ్వుకుంది.

ఒంటిగంట దాటాక కరెంటు పోయింది. గల్లీలో ఒక్క మనిషి లేడు. అప్పుడు మెట్ల మీద నుంచి ఆడపిల్ల గొంతు వినబడింది. కోపం లేదు అందులో. గారాబంగా పెరిగిన గొంతు.

"లచ్చీ, నీళ్లు."

కమలాబాయి పళ్లెంలోంచి తలెత్తలేదు.

"లచ్చీ..."

నవత పలకలేదు. కానీ ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. చూసుకునేసరికి వంటింట్లో ఉంది, చేతిలో నిండు గ్లాసుతో. కాళ్లు వాటంతటవే తలుపు వైపు కదులుతున్నాయి. కమలాబాయి వచ్చి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఎవరు అమ్మమ్మా?"

"దొరబిడ్డ. మా అమ్మ ఎల్లొచ్చిననాడు జరంతోని పండుకొని ఉండె. నీళ్లు అడుగుతనే ఉండె. ఊరు దాటేదాక ఇనొచ్చిందట. అమ్మ మళ్లి చూడలె. ఆ పిల్ల బతుకలేదని తర్వాత తెలిసింది."

"జెర నీళ్లిస్తే ఏం పోతది?"

"నువ్విస్తే రేపు సుత నిన్నే పిలుస్తది."

నవత నీళ్ల కడవ, గ్లాసు తీసుకెళ్లి మెట్ల మీద పెట్టింది.

"లచ్చవ్వ లేదు," అంది. "నీళ్లు ఈడున్నయి. నువ్వే ముంచుకోని తాగు."

మెట్ల మీద గ్లాసు ఒకసారి కదిలి ఆగింది.

"నాకు ముంచుకునుడు రాదు," అంది గొంతు.

డెబ్బై ఏళ్లుగా ఆ పిలుపు విని మౌనంగా ఉన్న కమలాబాయి వచ్చి గడపలో కూర్చుంది. "నేర్చుకో బిడ్డా," అంది మెల్లగా.

గ్లాసు కడవ అంచుకు తగిలింది. జారి పడింది. మళ్లీ తగిలింది. నీళ్లు మెట్టు మీంచి మెట్టు మీదికి కారాయి. ఎవరూ కనబడలేదు. నవత రెండుసార్లు సాయానికి లేవబోయింది, రెండుసార్లూ అమ్మమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. చివరికి గుటకల చప్పుడు వినిపించింది, పసిపిల్లలు తాగినట్టు ఆగి ఆగి.

తర్వాత కరెంటు వచ్చింది. కడవ సగానికి ఖాళీ అయి ఉంది.

"అమ్మ ఉంటే గిట్ల చెయ్యనిచ్చునో లేదో," అంది కమలాబాయి.

మెట్ల మీది తడి ఆరేదాకా ఇద్దరూ గడపలోనే కూర్చున్నారు.